కొత్తా పాతా లేని పిల్ల

మా పాప ఇంటికి వచ్చిన మొదటి వారంలో చూడటానికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "ఈ పిల్లకు కొత్తా పాతా లేదే! ఎవరు చేతులు చాపినా వచ్చేస్తోంది." అందరికంటే ముందు ఆ మాట అన్నది మా పెద్దాడపడుచు. ఆవిడ ఎత్తుకుంటే ఆవిడ భుజం మీద తల వాల్చింది. పక్కింటి మామ్మగారు పిలిస్తే ఒళ్ళోకి వెళ్ళి కూర్చుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి వంగి పలకరిస్తే అతని మెడ చుట్టూ చేతులు వేసింది. పదహారు నెలల పిల్ల. ఏడుపు లేదు, పేచీ లేదు. నువ్వు అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. నేనూ పొంగిపోయాను.

అందులో పొంగిపోవలసింది ఏమీ లేదని తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల గురించి, ఆ తర్వాత నేను చదివిన వాటి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. రాయనా అని తననే అడిగాను. పేరు రాయకపోతే సరే అంది. తను శిశుగృహకు ఎలా చేరిందన్నది తన కథ, దాని జోలికి వెళ్ళను.

మాది కాకినాడ. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. దత్తత కోసం 2016లో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో పేర్లు నమోదు చేసుకున్నాం. 2018 జూలైలో కబురు వచ్చింది. ఒక ఫొటో, వైద్య పరీక్షల నివేదిక, ఒప్పుకోవడానికి 48 గంటల గడువు. మా ఆయన ఆ ఫొటో చూసి గడువు అక్కర్లేదన్నారు.

వేరే జిల్లాలో ఉన్న ఆ శిశుగృహకు వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొడవాటి గది. గోడవారగా వరుసగా ఇనుప ఉయ్యాల మంచాలు. పదకొండు మంది పిల్లలు, అందరూ రెండేళ్ళ లోపు వాళ్ళు. సగం మంది మెలకువగానే ఉన్నారు. ఆ గదిలో నాకు వినిపించింది ఫ్యాను చప్పుడు ఒక్కటే. చిన్నవాళ్ళ పక్కన తువ్వాళ్ళు మడతపెట్టి, వాటికి ఆనించి పాలసీసాలు నిలబెట్టారు. పిల్లలు కప్పును చూస్తూ తాగుతున్నారు. గది శుభ్రంగా ఉంది. టీకాల కార్డులు, బరువుల పట్టీలు ఒక్క తేదీ కూడా తప్పకుండా రాసి ఉన్నాయి. మా పాపను తెచ్చి నా చేతికి ఇస్తూ ఆయా, "ఈ పిల్ల అసలు ఏడవదమ్మా. బంగారం," అంది. ఎంతో ప్రేమగా అంది. ఆ మాటకు నేను సంతోషపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ ఆయాను నేను తప్పుపట్టను. ఒక డ్యూటీలో పదకొండు మందికి ఇద్దరు ఆయాలు. పసిపిల్లకు ఒళ్ళో పెట్టుకుని సీసా పట్టాలంటే ఇరవై నిమిషాలు కావాలి. పదకొండు మందికి 220 నిమిషాలు. ఇద్దరూ పంచుకున్నా దాదాపు రెండు గంటలు. మూడు గంటలకోసారి పాలు పట్టాలి కాబట్టి మిగిలిన గంటలోనే బట్టలు మార్చడం, స్నానాలు, మందులు, రిజిస్టర్లు. తువ్వాలు మడత పెట్టక ఏం చేస్తుంది? పైగా రోజుకు మూడు డ్యూటీలు. మనుషులు మారుతూనే ఉంటారు. ఎవరికైనా ఒక పిల్ల మాలిమి అయ్యేలోపు వాళ్ళకు వేరేచోట పని దొరుకుతుంది.

ఇంటికి వచ్చిన రెండో నెలలో పాప గడప తట్టుకుని బోర్లా పడింది. పెదవి చిట్లి నోట్లో రక్తం. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. లేచి కూర్చుంది. చేతి వెనక భాగంతో నోరు తుడుచుకుంది. చేతికి అంటిన ఎరుపును కాసేపు చూసింది. లేచి బంతి దగ్గరికి నడిచింది. నావైపు చూడలేదు. నేను పరుగెత్తుకెళ్ళి ఎత్తుకుంటే, ఎందుకు ఎత్తుకున్నానో అర్థం కానట్లు ఒళ్ళంతా బిగబట్టి ఉండిపోయింది. రాత్రుళ్ళు నిద్ర మధ్యలో లేచేది. పిలిచేది కాదు. మోకాళ్ళ మీద లేచి చీకట్లో ముందుకూ వెనక్కూ ఊగేది. మంచం కిర్రుమంటే నాకు మెలకువ వచ్చేది.

కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళాం, వ్రతం చేయించుకుందామని. మండపంలో దంపతులందరం వరుసల్లో కూర్చున్నాం. కథ మూడో అధ్యాయంలో ఉండగా పక్కన చూస్తే పాప లేదు. నేను, మా ఆయన, అత్తయ్య తలా ఒక వైపు పరుగెత్తాం. నాలుగు వరుసల అవతల, ముక్కూ మొహం తెలియని ఒక కుటుంబం మధ్య, ఒకావిడ ఒళ్ళో కూర్చుని ఆకులో ప్రసాదం తింటోంది. నన్ను చూసినా మొహంలో ఏ మార్పూ లేదు. ఆవిడ ఒడికీ నా ఒడికీ తేడా లేదు. "ఎంత కలుపుగోలు పిల్లండీ!" అన్నారు వాళ్ళు. ఆ రోజు మొదటిసారి ఆ మాట నాకు భయం కలిగించింది.

మార్చిలో విశాఖపట్నంలో పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ బరువు అడగలేదు, మాటలు వచ్చాయా అని కూడా ముందు అడగలేదు. "దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పరుగెత్తుతుంది?" అని అడిగారు. మా ఆయన నావైపు చూశారు. నేను అత్తయ్యవైపు చూశాను. మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఏడెనిమిది నెలలు రాగానే పిల్లలు కొత్త చేయడం మొదలుపెడతారని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అంతవరకూ అందరి దగ్గరికీ వెళ్ళిన పిల్ల ఉన్నట్టుండి మేనమామను చూసి గుక్కపట్టి ఏడుస్తుంది. మనం నవ్వుకుంటాం, మేనమామ చిన్నబుచ్చుకుంటాడు. పిల్ల చేస్తున్నది చాలా పెద్ద పని. ఇన్ని నెలలుగా తను ఏడ్చినప్పుడల్లా వచ్చిన మనిషిని, ఆ వాసనను, ఆ గొంతును లోపల స్థిరపరచుకుంది. వీళ్ళు నావాళ్ళు అని తేల్చుకుంది. పాత అంటూ ఒకరు ఉంటేనే కదా కొత్త అనేది తెలిసేది! మా పాపకు పదహారు నెలలపాటు ఆ పాత ఎవరూ లేరు.

డాక్టరమ్మ మాటలు విన్నాక నేను వదలకుండా చదవడం మొదలుపెట్టాను. చదివిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ నన్ను పట్టుకున్నది రుమేనియా.

1966లో అక్కడి నియంత చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెంచాలని గర్భస్రావాలనూ గర్భనిరోధకాలనూ నిషేధించింది. పెంచే స్తోమత లేని ఇళ్ళలో పిల్లలు పుట్టారు. ఆ పిల్లలను సర్కారు గృహాలకు అప్పగించమంది ఆ ప్రభుత్వమే. 1989 డిసెంబరులో ఆయన కూలిపోయేనాటికి ఆ గృహాల్లో లక్షకు పైగా పిల్లలు ఉన్నారు. తలుపులు తెరిచి లోపలికి వెళ్ళినవాళ్ళు పసిపిల్లల గదులు నిశ్శబ్దంగా ఉన్నాయని చెప్పారు. ఆ వాక్యం చదివి నేను పుస్తకం మూసేశాను. ఆ ఫ్యాను చప్పుడు గుర్తొచ్చింది.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆరు శిశుగృహాల నుంచి 136 మంది పిల్లలు, 6 నుంచి 31 నెలల వయసువాళ్ళు. చీటీ తీసినట్లు సగం మందిని పెంపుడు కుటుంబాలకు (దత్తత కాకుండా, తమ దగ్గర ఉంచుకుని పెంచే ఇళ్ళకు) పంపారు, సగం మంది ఉన్నచోటే ఉన్నారు. ఆ నగరంలో పెంపుడు కుటుంబాల పద్ధతే అప్పటికి దాదాపు లేదు కాబట్టి 56 కుటుంబాలను వాళ్ళే వెతికి తయారు చేసుకున్నారు. తల్లిగా ఆ చీటీ మాట చదవడం నాకు కష్టమైంది. ఉండిపోయిన పిల్లలను అక్కడే ఉంచాలని మాత్రం వాళ్ళు పట్టుపట్టలేదు. తర్వాత ప్రభుత్వం ఏ ఇంటికి పంపితే ఆ ఇంటికి వెళ్ళనిచ్చారు.

నాలుగున్నరేళ్ళ వయసులో చూస్తే గృహాల్లో మిగిలినవాళ్ళ సగటు తెలివితేటల సూచిక (ఐక్యూ) 73, కుటుంబాలకు వెళ్ళినవాళ్ళది 81, పుట్టినప్పటి నుంచి సొంత ఇంట్లో పెరిగిన పిల్లలది 109. మూడున్నరేళ్ళప్పుడు పెంచేవాళ్ళతో నిశ్చింతగా పెనవేసుకున్న పిల్లలు గృహాల్లో నూటికి 18 మంది, పెంపుడు ఇళ్ళలో 49 మంది, సొంత ఇళ్ళలో 65 మంది. తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును కొలిచారు, ఈఈజీ అంటారు దాన్ని. రెండేళ్ళు నిండకముందే కుటుంబానికి చేరిన పిల్లల ఈఈజీ ఎనిమిదేళ్ళ వయసుకు సొంత ఇంట్లో పెరిగిన పిల్లల ఈఈజీతో సమానంగా ఉంది. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళది అలా లేదు.

రెండేళ్ళు అన్న మాట చూసి నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మాది పదహారు నెలలకు వచ్చింది. ఆ తర్వాత ఇంకా చదివితే అది అంత తేలిక లెక్క కాదని అర్థమైంది. మాటకు ఒక వయసు, మమకారానికి ఒక వయసు, ఒత్తిడిని తట్టుకునే శక్తికి ఒక వయసు. ఏదీ ఒక్క రాత్రిలో మూసుకుపోదు. పైగా రుమేనియాలో జరిగింది ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చి అతికించలేం. అక్కడ ఆకలీ చలీ కూడా ఉన్నాయి. మా పాప ఆకలితో లేదు. తనకు లేనిది మనిషి.

కొత్తా పాతా అన్నదానికి మెదడులో చోటు ఎక్కడుందో 2013లో వచ్చిన ఒక వ్యాసంలో దొరికింది. మెదడు లోపల బాదంగింజంత అమిగ్డాలా అనే భాగం ఉంటుంది. ఏది ముఖ్యం, ఏది ప్రమాదం అని పసిగట్టే కాపలాదారు అది. నిమ్ టోటెన్‌హామ్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం పిల్లలను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి తల్లి మొహం, ఎవరో తెలియని ఒక స్త్రీ మొహం చూపించింది. సొంత ఇంట్లో పెరిగిన పిల్లల అమిగ్డాలా తల్లిని చూసినప్పుడే ఎక్కువగా స్పందించింది. అనాథ గృహాల్లో మొదలై దత్తతకు వచ్చిన పిల్లలలో తల్లికీ తెలియని స్త్రీకీ స్పందన దాదాపు ఒకేలా ఉంది. ఎంత పెద్ద వయసులో దత్తతకు వస్తే తేడా అంత తక్కువ. మా పెద్దాడపడుచు ఒక్క చూపులో చెప్పిన మాటే అది. ఆ పిల్లల మెదడు పాడైపోయిందని కాదు. మనుషులు మారుతూ ఉండే లోకంలో, ఎవరు వస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలని అది నేర్చుకుంది. అక్కడ అదే పనికొచ్చే విద్య.

పసిపిల్ల మెదడు తనంతట తాను ఎదగదు, ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని ఎదుగుతుంది. పిల్ల ఉంగా అంటుంది, తల్లి ఉంగా అని బదులిస్తుంది. పిల్ల కాళ్ళు ఆడించి మళ్ళీ అంటుంది. రోజుకు ఎన్ని వందలసార్లు జరుగుతుందో ఎవరూ లెక్కపెట్టరు. ఒక్కోసారీ నాడీకణాల మధ్య ఒక అతుకు గట్టిపడుతుంది. వాడకం లేని అతుకులు ఊడిపోతాయి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1970లలో తల్లులను ఓ రెండు మూడు నిమిషాలు పిల్లల ఎదుట కదలని మొహంతో కూర్చోమన్నాడు. పిల్లలు నవ్వి చూస్తారు, చేతులు ఊపి చూస్తారు, అరిచి చూస్తారు. ఆఖరికి తల తిప్పేసుకుంటారు. ఆ కాసేపటికే అలా అయితే, ఉంగాకు ఉంగా రాని నెలల మాటేమిటి? ఇది శిశుగృహలకే పరిమితం కాదు. తాగి కొట్టుకునే ఇంట్లో, కాన్పు తర్వాత దిగులు పట్టి మంచం మీద నుంచి లేవలేని తల్లి పక్కన కూడా జరుగుతుంది. ఆ తల్లికి సమయానికి వైద్యం అందితే పిల్లకు కూడా అందినట్లే.

డాక్టరమ్మ మాకు మందులు రాయలేదు. కొన్ని నెలలపాటు తిండి పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం నేను, మా ఆయన, అత్తయ్య తప్ప ఎవరూ చేయకూడదన్నారు. ఇంటికి వచ్చినవాళ్ళు దూరం నుంచి చెయ్యి ఊపాలి, ఎత్తుకోకూడదు. పాప ఏడవకపోయినా, దెబ్బ తగిలితే మేమే "అయ్యో, నొప్పి" అంటూ వెళ్ళాలి. రాత్రి ఊగుతుంటే పిలవకపోయినా లేవాలి. అంతే. నేను జీతం లేని సెలవు పెట్టాను. చుట్టాలకు చెప్పడమే కష్టమైంది. "మా చేతులకు ముళ్ళున్నాయా?" అంది మా పెద్దాడపడుచు. ఆ తర్వాత కొన్ని నెలలు మా గడప తొక్కలేదు.

అత్తయ్యకు అప్పుడు 68 ఏళ్ళు. నేను చదివినదంతా వివరించి చెబుతుంటే ఓపికగా విని, "దీనికి ఎవరూ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయలేదు. అదీ సంగతి," అంది. రెండేళ్ళ పిల్లకు అలా ఎవరూ పోయరు. అత్తయ్య పోసింది. రోజూ ఉదయం ఎనిమిదింటికి పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని నువ్వులనూనె రాసి, సున్నిపిండి నలుగు పెట్టేది. పాప కాళ్ళు అత్తయ్య పాదాలు దాటి నేల మీద పడేవి. మొదటి రోజుల్లో కర్రలా బిగుసుకుని ఉండేది. పిడికిళ్ళు విప్పేది కాదు. అత్తయ్య తొందరపడేది కాదు. ఒకే వరసలో, ముందు వీపు, తర్వాత చేతులు, తర్వాత పాదాలు, ఏదో ఒకటి గొణుగుతూ. ఒకరోజు నేను నీళ్ళు తోడుతూ చూశాను. పాప కుడిచెయ్యి కిందికి జారి, అత్తయ్య కాలి మెట్టెను వెతికి పట్టుకుంది. వెండి మెట్టె, నూనెతో జిడ్డుగా. రెండు వేళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. అత్తయ్య నావైపు చూసింది. ఇద్దరం మాట్లాడలేదు. నీళ్ళు పోయడం అయిపోయినా అత్తయ్య కాళ్ళు కదపలేదు. ఆ తర్వాత ప్రతి ఉదయం ఆ చెయ్యి ఆ మెట్టె కోసం వెళ్ళేది.

అంతా సర్దుకుందని చెప్పను. ఇప్పటికీ మా పాప తొందరగా నమ్ముతుంది. బస్సులో పక్కన కూర్చున్నావిడకు మా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తుంది. కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు నన్నో వాళ్ళ నాన్ననో అడగాలన్నది మా ఇంటి నియమం. చాలాసార్లు అడుగుతుంది, ఒక్కోసారి మరిచిపోతుంది. బుకారెస్ట్ పిల్లలలోనూ కుటుంబం దొరికాక మిగతా లక్షణాలు తగ్గినంతగా ఇది తగ్గలేదు. రుమేనియా నుంచి ఇంగ్లండుకు దత్తత వెళ్ళిన 165 మందిని బ్రిటన్ మానసిక వైద్యుడు మైకేల్ రటర్ మొదలుపెట్టిన పరిశోధన పెద్దవాళ్ళయ్యేదాకా గమనించింది. వాళ్ళలో గృహాల్లో గడిపి వచ్చినవాళ్ళ మెదడు పరిమాణం పెద్దయ్యాక కూడా, ఇంగ్లండులోనే పుట్టి దత్తతకు వెళ్ళినవాళ్ళ కంటే సగటున 8.6 శాతం తక్కువగా ఉందని 2020లో తేలింది. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే పరిశోధనలో ఆరు నెలలు దాటి గృహాల్లో ఉన్నవాళ్ళలో దాదాపు ఐదో వంతు మంది ఎప్పుడు పరీక్షించినా ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నారని కూడా ఉంది. చిన్నప్పుడు వెనకబడ్డ తెలివితేటలు యౌవనానికి చాలావరకు అందుకున్నాయని కూడా ఉంది. రెండూ నిజమే. రెండింటినీ మనసులో పెట్టుకునే పెంచుతున్నాను.

ఇది చదివేవాళ్ళను ఒక్కటి అడగాలని ఉంది. పుట్టినరోజులకు శిశుగృహలకు కేకు, పళ్ళు తీసుకెళ్ళడం మనకు అలవాటు. మంచి మనసుతోనే వెళ్తాం. వెళ్ళినప్పుడు దయచేసి పసిపిల్లలను చేతుల మీదుగా మార్చుకుంటూ ఫొటోలు తీసుకోకండి. పది నిమిషాలు గుండెలకు హత్తుకుని దింపేసి వెళ్ళే మనిషి ఆ పిల్లకు మరొక వెళ్ళిపోయే మనిషి. ఆ డబ్బుతో ఆయా జీతంలో కొంత ఇవ్వండి. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని శిశుగృహల్లో ఆయాలకు శిక్షణ ఇచ్చి, చిన్న చిన్న గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు మారని మనుషులను పెట్టినప్పుడు పిల్లల ఎత్తు, బరువు, మాట, మనసు అన్నీ మెరుగుపడ్డాయి. అదే గోడలు, అదే మంచాలు. మా పాప వచ్చిన చోట మేము మూడు కుటుంబాలం కలిసి అదనంగా ఒక ఆయా జీతం ఇస్తున్నాం. మేము అడిగింది ఒక్కటే: ఆమెకు నలుగురు పిల్లలను అప్పగించాలి, ఆ నలుగురినీ మార్చకూడదు. ఆ నలుగురికీ పాలసీసా ఆమె ఒళ్ళోనే. అసలు పిల్లలను సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని మన 2015 బాలల న్యాయ చట్టమే చెబుతోంది. రుమేనియాలో 2005 నుంచి, తీవ్రమైన వైకల్యం ఉంటే తప్ప, రెండేళ్ళ లోపు పిల్లలను గృహాల్లో పెట్టడం చట్టరీత్యా మానేశారు. మన దగ్గర పెంపుడు కుటుంబం అనే మాట చట్టంలో ఉంది. మా ఊళ్ళో నేను అడిగినవాళ్ళలో అది విన్నవాళ్ళు ఇద్దరే.

2020 భోగి నాడు పాపకు భోగిపళ్ళు పోశాం. అప్పటికి తను మా ఇంటికి వచ్చి ఏడాదిన్నర. మా పెద్దాడపడుచు వచ్చింది. కోపం పోయిందో, పండగని వచ్చిందో అడగలేదు. రేగిపళ్ళు, చిల్లర, చెరకు ముక్కలు, పూలరెక్కలు కలిపిన పళ్ళెం పట్టుకుని, పీట మీద కూర్చున్న పాపకు మూడుసార్లు దిష్టి తీసి తలమీద పోసింది. పళ్ళెం కింద పెట్టి, "రావే బంగారం," అని రెండు చేతులూ చాపింది.

పాప ఆ చేతులను చూసింది. పీట మీద నుంచి లేచింది. జుట్టులోంచి రేగిపళ్ళు రాలుతుండగా నా వెనక్కు వచ్చి, చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. కాసేపటికి ఒక కన్ను బయటపెట్టి చూసి, మళ్ళీ దాచుకుని ఏడుపు లంకించుకుంది.

"అమ్మో, కొత్త చేస్తోందే!" అంది మా పెద్దాడపడుచు. అత్తయ్య చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉంది. నేను వంగి పాపను ఎత్తుకోబోతే కుదరలేదు. ఎంత గట్టిగా పట్టుకుందంటే, కుచ్చిళ్ళకు పెట్టుకున్న పిన్నీసు ఊడి నేల మీద పడింది.